తలల లెక్క, విస్తళ్ళ లెక్క

ఈ వారం జనాభా గురించి మాట్లాడుకుందాం.

ఏటా జులై 11న ప్రపంచ జనాభా దినోత్సవం పేరుతో కాలేజీల్లో వ్యాసరచన పోటీలు పెడతారు. తెలుగు చెబుతాను కాబట్టి ఆ కాగితాలు దిద్దే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. పేరు మారుతుంది, రోల్ నంబరు మారుతుంది, వ్యాసం మాత్రం మారదు. జనాభా పెరిగిపోతోంది, అందుకే అడవులు పోతున్నాయి, నీళ్ళు ఇంకిపోతున్నాయి, ఎండలు ముదిరిపోతున్నాయి, పేదరికం తగ్గటం లేదు. కాబట్టి చదువులేని పేదలకి అవగాహన కల్పించాలి. రాసేవాళ్ళలో చాలామంది ఆ 'చదువులేని పేదల' ఇళ్ళ నుంచే వచ్చినవాళ్ళు. అది తమ అమ్మ మీదా, నాయనమ్మ మీదా తాము రాస్తున్న ఛార్జిషీటు అని వాళ్ళకి తోచదు. తోచకపోవటం వాళ్ళ తప్పు కాదు. ఆ మాట వాళ్ళది కాదు మరి. దానికి రెండు వందల ఏళ్ళు దాటాయి. అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన మన పల్లెల దాకా వచ్చిందో, వస్తూ ఎవరిని మింగిందో చూద్దాం. కాస్త పొడుగు వ్యాసం, ఓపిక పట్టండి.

1798లో లండన్‌లో ఒక పుస్తకం రచయిత పేరు లేకుండా వచ్చింది. రాసింది థామస్ రాబర్ట్ మాల్థస్ అనే పాదిరీ. జనం రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రెట్టింపులవుతూ పోతారు. తిండి రెండు, మూడు, నాలుగు, ఐదు అని నింపాదిగా పెరుగుతుంది. ఈ రెండిటి మధ్య తేడాని ఆకలి, రోగం, యుద్ధం వచ్చి సరిచేస్తాయి. ఇదీ ఆయన వాదన. 1803లో వేసిన రెండో కూర్పులో ఆయన ఒక పోలిక వాడాడు. లోకం అప్పటికే ఎవరెవరికో సొంతమైపోయి ఉంది. అలాంటి లోకంలో పుట్టినవాణ్ణి తల్లిదండ్రులు సాకలేకపోతే, సమాజానికి వాడి కష్టం అక్కర్లేకపోతే, వాడికి ఒక్క ముద్ద అడిగే హక్కు కూడా లేదు. ప్రకృతి పెట్టిన విందులో వాడికి విస్తరి వెయ్యలేదు, లేచి పొమ్మంటుంది. ఇది మరీ బరితెగించినట్టుందని ఆయనకే అనిపించిందో ఏమో, తర్వాతి కూర్పుల్లో ఆ భాగం తీసేశాడు.

మనకి ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు. పంక్తిలో చోటు లేకపోవటం అంటే ఏంటో మన తాతలకి బాగా తెలుసు. పెళ్ళి పందిరికి దూరంగా కూర్చోవటం, అందరూ తిని లేచాక ఎత్తిపోసే విస్తళ్ళ కోసం చూడటం. ఆ పెళ్ళికి డప్పు కొట్టింది వాళ్ళే, చెప్పులు కుట్టింది వాళ్ళే, పొయ్యిలోకి కట్టెలు కొట్టుకొచ్చిందీ వాళ్ళే. విస్తట్లోకి వచ్చిన ఆ బియ్యం పండిన మడిలో నాట్లేసిందీ వాళ్ళ ఆడవాళ్ళే. మాల్థస్ దాచిన ముక్క ఇదే. విందు ప్రకృతి పెట్టలేదు. దాన్ని పండించినవాళ్ళు, మోసినవాళ్ళు, వండినవాళ్ళు ఉన్నారు. చోటు లేదని లేపి పంపింది వాళ్ళనే.

మాల్థస్‌ది ఏదో మూల పుస్తకం కాదు. 1805 నుంచి 1834లో చనిపోయేదాకా ఆయన చేసిన ఉద్యోగం ఈస్టిండియా కంపెనీ కాలేజీలో ఆచార్య పదవి. కంపెనీ కొలువు చెయ్యటానికి మన దేశం రాబోయే కుర్రాళ్ళకి అర్థశాస్త్రం చెప్పింది ఆయనే. ఓడెక్కే ముందు వాళ్ళు నేర్చుకున్న పాఠం ఇది. ఆ కాలేజీలో చదివిన ఛార్లెస్ ట్రెవెల్యన్ 1840ల ఐర్లండ్ కరువులో సర్కారు సహాయం పంచే పెద్ద అధికారి. 1859లో అదే మనిషి మద్రాసు గవర్నరుగా వచ్చాడు.

ఇక ధాత కరువు. 1876లో వానలు పోయాయి. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం, అందుకే ఆ పేరు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. ఇప్పటి ఒంగోలు ప్రాంతం అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉంది. పల్లెల్లో గింజ లేని రోజుల్లో, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించే దర్బారు జరిపాడు. కరువు ఖర్చు అదుపులో పెట్టటానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసుకి పంపాడు.

ఈ టెంపుల్ కథ మీరు తెలుసుకోవాలి. అంతకు మూడేళ్ళ ముందు, 1873-74 బీహార్ కరువులో ఇదే మనిషి బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. ఆకలితో చచ్చినవాళ్ళు చాలా తక్కువ. అందుకు ఆయనకి దక్కింది మెప్పు కాదు, తిట్లు. సర్కారు సొమ్ము దుబారా చేశావన్నారు. ఆ మచ్చ తుడుచుకోవాలని మద్రాసు వచ్చాడు. రోజంతా రాళ్ళు కొట్టి మట్టి మోసే మగవాడికి కూలి ఒక పౌను గింజలు, ఒక అణా అని తేల్చాడు. పౌను అంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఈ కూలితో పనిచేసే మనిషి బతకడు అని కాగితాల మీద పోట్లాడాడు. నెలల తరబడి పోట్లాట నడిచాక కూలి కొంచెం పెంచారు. ఆ నెలల్లో పోయినవాళ్ళు పోయారు.

అదే కరువు రోజుల్లో ఈ దేశపు గోధుమలు ఓడలకెక్కి ఇంగ్లండు పోయాయి. రైలు ఉన్నచోట ధాన్యం ఆకలి ఉన్న ఊరికి కాదు, ధర ఉన్న ఊరికి పరుగెత్తింది. లిట్టన్ మాత్రం భారతీయులు భూమి పండించే తిండి కన్నా వేగంగా పెరిగే జనం అనే ధోరణిలో 1877లో శాసన మండలిలో మాట్లాడాడు. కంపెనీ కాలేజీ మూతపడి అప్పటికి ఇరవై ఏళ్ళు. పాఠం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఒక్క బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షలమందికి పైగా చనిపోయారని అంచనా. కర్నూలు జిల్లాలో 1871 జనగణనకీ 1881 జనగణనకీ మధ్య జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ఎవరు వాళ్ళు? భూమి లేని కూలీలు, మగ్గం మీద బతికే నేతగాళ్ళు. మాలలు, మాదిగలు, యానాదులు. వాన పడకపోతే పని లేదు, పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే కొట్లో గింజలున్నా కొనే దారి లేదు. అమర్త్య సేన్ 1981లో కరువుల మీద రాసిన పుస్తకంలో తేల్చింది ఇదే: చాలా కరువుల్లో తిండి లేక కాదు, తిండి మీద హక్కు లేక చస్తారు. పశువులు చచ్చిపోయాక మాదిగలకి తోలు పని కూడా ఎండిపోయింది.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న అడుగుతాను, వ్యాసరచన పోటీ రాసే పిల్లలు గుర్తుపెట్టుకోండి. జనం ఎక్కువవటమే పేదరికానికి కారణమైతే, నాలుగో వంతు జనం పోయాక మిగిలిన కర్నూలు జిల్లా బాగుపడాలి కదా? మనిషికి భూమి పెరగాలి, తిండి పెరగాలి. మరి రాయలసీమ కరువుసీమగానే ఎందుకు మిగిలింది? తలలు తగ్గాయి గానీ భూమి ఎవరి చేతిలో ఉండేదో వాళ్ళ చేతిలోనే ఉంది. చెరువు కింది మడి ఎవరిదో వాళ్ళదే. అప్పు పత్రాలు ఎవరి పెట్టెలో ఉన్నాయో ఆ పెట్టెలోనే ఉన్నాయి. చావుతో పంచాల్సినంత పంచిచూశారు, పంపకం మారలేదు.

ఒంగోలు దగ్గర ఆ కరువులోనే ఇంకొకటి జరిగింది. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో మూడు మైళ్ళ పైచిలుకు ముక్క కాంట్రాక్టుకి తీసుకుని మాదిగ పల్లెల జనానికి పని ఇచ్చాడు. పనిమీద మేస్త్రీలుగా ఉన్నది కూడా ఎక్కువగా మాదిగ బోధకులే. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట పడకూడదని కరువు సాగినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం పని అయిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి రేవులో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా మాట తప్పలేదు. వాళ్ళని 'బియ్యం క్రైస్తవులు' అన్నారు, ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ మాటలో ఎంత కులం ఉందో చూడండి. అన్నం కోసం కలెక్టరు ముందు వంగినవాణ్ణి ఎవరూ 'బియ్యం హిందువు' అనలేదు. పైగా వాళ్ళకి ఎవరూ ఊరికే పెట్టలేదు, మట్టి తవ్వించుకుని కూలి ఇచ్చారు. లిట్టన్ లెక్కలో ఎక్కువైపోయిన జనం తవ్విన ఆ కాలువ ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడవచ్చు.

జనాభా వాదం దళితులకి వ్యతిరేకం అంటే సంతాన నియంత్రణ కూడా మనకి వ్యతిరేకం అని కొందరు మిత్రులు లెక్కేస్తారు. కాదు. ఇక్కడ బాబాసాహెబ్‌ని జాగ్రత్తగా చదవాలి. 1934లో సంతాన నియంత్రణ ప్రచారకుడు ఆర్.డి. కార్వే పత్రిక మీద అశ్లీలం కేసు పెడితే ఆయన తరఫున వాదించిన వకీలు అంబేడ్కర్. 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యుడు పి.జె. రోహమ్ సంతాన నియంత్రణ సదుపాయాలు కల్పించాలని తీర్మానం పెట్టాడు. ఆ ప్రసంగం తయారుచేసింది అంబేడ్కర్. అందులో జనాభాకీ పేదరికానికీ ముడిపెట్టే మాటలు కూడా ఉన్నాయి, దాచక్కర్లేదు, ఆ కాలంలో అందరూ అన్నవే. మిగతావాళ్ళెవరూ అనని మాట ఇంకొకటుంది. ప్రసవ వేదన మగవాళ్ళు పడాల్సి వస్తే ఏ మగవాడూ ఒక్క బిడ్డకి మించి కనటానికి ఒప్పుకోడన్నాడు. కనాలా వద్దా అనేది ఆడమనిషి తేల్చుకోవాలన్నాడు. తీర్మానం ఓడిపోయింది. అవే సంవత్సరాల్లో పెరియార్ తమిళంలో దాదాపు ఇదే అంటున్నాడు: మిగతావాళ్ళు దేశం కోసం, ఆస్తి కోసం సంతాన నియంత్రణ అడుగుతున్నారు, నేను ఆడవాళ్ళ స్వేచ్ఛ కోసం అడుగుతున్నాను అని. గాంధీ మాత్రం ఆ సాధనాలే వద్దన్నాడు. బ్రహ్మచర్యం పాటించమన్నాడు.

అంటే 1930ల్లోనే రెండు దారులు తెరుచుకుని ఉన్నాయి. ఆడమనిషి చేతికి సాధనం ఇవ్వటం ఒకటి. ఆడమనిషి ఒంటి మీద దేశం లెక్క తేల్చుకోవటం రెండోది. స్వతంత్ర భారతం 1952లో ప్రపంచంలోనే మొదటి ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అది పోయింది రెండో దారిన.

ఆ దారికి బయటి నుంచి తోపుడు కూడా ఉంది. 1965లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఐక్యరాజ్య సమితి వేడుకలో జనాభా నియంత్రణ మీద పెట్టే 5 డాలర్లు అభివృద్ధి మీద పెట్టే 100 డాలర్లతో సమానమన్నాడు. మనకొచ్చే పీఎల్-480 గోధుమలని నెలనెలా లాగిపెట్టి వదిలింది కూడా ఆయనే. 1968లో పాల్ ఎర్లిక్ జనాభాని బాంబుతో పోలుస్తూ రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. అది మొదలయ్యేది ఢిల్లీలో ఒక టాక్సీలో. వేడి రాత్రి, వీధి నిండా మనుషులు, తింటున్నారు, పడుకుంటున్నారు, కడుక్కుంటున్నారు, ఆయనకి భయమేసింది. 1961 లెక్క ప్రకారం ఢిల్లీ జనం 26 లక్షల పైచిలుకు. 1960 లెక్కలో న్యూయార్క్ నగరం 77 లక్షలు. న్యూయార్క్ టాక్సీలో ఎవరికీ భూగోళం పగిలిపోతుందన్న భయం వెయ్యలేదు. ఆయన చూసి భయపడింది సంఖ్యని కాదు, గోడ చాటు లేని పేదరికాన్ని.

మన దేశపు పెద్దలకి ఈ భయం బాగా నచ్చింది. ఎమర్జెన్సీలో ఏం జరిగిందో మీకు తెలుసు. 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు, అందులో 62 లక్షలు మగవాళ్ళకి. ఆపరేషన్ తర్వాత 1,774 మంది చనిపోయారని షా కమిషన్ లెక్క. కోటా పూర్తిచెయ్యని టీచర్లకి జీతాలు ఆపారు. ఆ టీచర్లు ఎవరి వాడలకి పోయి మనుషుల్ని పట్టుకొచ్చి ఉంటారో ఊహించటం కష్టం కాదు. 1977లో ఇందిరా గాంధీ ఓడిపోయింది. రాజకీయ నాయకులు నేర్చుకున్న పాఠం ఒక్కటే: మగవాడి జోలికి పోకూడదు. కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది.

మా వైపు పల్లెల్లో 'ఆపరేషన్' అంటే ఒకటే అర్థం. గుండెకి చేస్తే గుండె ఆపరేషన్ అంటారు, కంటికి చేస్తే కంటి ఆపరేషన్ అంటారు. ఏ ముందుమాటా లేకుండా 'ఆపరేషన్ అయిందా అమ్మా' అంటే అది పిల్లల ఆపరేషన్. పేపర్లు దాన్ని 'కు.ని.' అని రెండక్షరాలకి కుదించాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. దేశం మొత్తంలో 38 శాతం. ఆంధ్రలో మగవాళ్ళ వైపు చూస్తే ఒక శాతం కూడా లేదు. మగవాడికి అది చిన్న పని, కోత దాదాపు ఉండదు, ఆ రోజే లేచి తిరగవచ్చు. అయినా బలం తగ్గుతుందని భయం. ఆ బలంతో కట్టెలు మోసేదీ, కలుపు తీసేదీ చాలా ఇళ్ళలో ఆపరేషన్ అయిన ఆడమనిషే.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. 13 మంది చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు మూడేళ్ళలో ఎత్తెయ్యమంది. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. భూగోళం బరువు తగ్గించే పని అంటే నేల మీద ఇలా ఉంటుంది.

ఇంతకీ పేదవాళ్ళు ఎక్కువమందిని ఎందుకు కనేవాళ్ళు? 'నారు పోసినవాడు నీరు పోయడా' అన్న మూఢత్వం వల్ల అని పట్నం చదువులు చెబుతాయి. 1950ల్లో పంజాబ్‌లోని ఖన్నా ప్రాంతంలో హార్వర్డ్ వాళ్ళు ఏళ్ళ తరబడి గర్భనిరోధక మాత్రలు పంచి అధ్యయనం చేశారు. జనం మర్యాదగా తీసుకున్నారు, వాడలేదు. 1970ల మొదట్లో మహమూద్ మమ్దానీ ఆ ఊరికి వెళితే ఒకాయన ఆ మాత్రల డబ్బాలతో బొమ్మ చేసి ఇంట్లో పెట్టుకున్నాడు. జనం మమ్దానీకి చెప్పిన సంగతి సూటిగా ఉంది: భూమి లేనివాడికి పిల్లలే ఆస్తి, ప్రతి కడుపుతో పాటు రెండు చేతులూ వస్తాయి. మన పల్లెల్లో పదేళ్ళ పిల్లవాణ్ణి ఆసామి దగ్గర జీతానికి పెట్టినవాళ్ళకి ఇది ఏ అధ్యయనమూ చెప్పనక్కర్లేదు. పిల్లవాడు జీతం మాని బడికి పోతే, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం వస్తే, ముసలితనంలో పింఛను వస్తే, సంతానం దానంతటదే తగ్గుతుంది. తగ్గింది కూడా. ఆంధ్రలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. జనం నిలకడగా ఉండాలంటే కావాల్సిన 2.1 కన్నా తక్కువ.

మరి పిల్లలు తగ్గాక భూమికి ఊపిరి ఆడిందా? ఇక్కడే అసలు విషయం. కుటుంబ నియంత్రణ పోస్టర్లు గుర్తున్నాయా? చిన్న కుటుంబం, శుభ్రమైన బట్టలు, పక్కా ఇల్లు, చేతిలో రేడియో. పక్కన పెద్ద కుటుంబం, చింకి బట్టలు, ఏడుస్తున్న పిల్లలు. నా దృష్టిలో మన పల్లె గోడల మీదకి ఎక్కిన మొదటి వినియోగదారీ ప్రకటనల్లో అదొకటి. తక్కువ కను, ఎక్కువ కొను. ఆపరేషన్ చేయించుకుంటే ట్రాన్సిస్టర్ ఇస్తారని ఆ రోజుల్లో ఊరూరా అనుకునేవాళ్ళు. భూమికి భారం తగ్గించమన్న నోటితోనే కొత్త భారం అమ్మారు.

ఆ భారం ఎవరిదో లెక్కలున్నాయి. ఆక్స్‌ఫామ్ 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 1990 నుంచి 2015 దాకా వాతావరణంలోకి వదిలిన కార్బన్ ఉద్గారాల్లో 52 శాతం ప్రపంచంలోని 10 శాతం ధనికుల వాటా. పేద సగం జనాభా వాటా 7 శాతం. ఒక అమెరికన్ ఏడాదికి సగటున 14 టన్నులకి పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలితే, భారతీయుడు 2 టన్నుల దగ్గర ఉంటాడు. ఆ రెండు కూడా సగటే. గచ్చిబౌలిలో గదికో ఏసీ ఉన్న ఫ్లాటునీ, ఒక బల్బు వెలిగే మా పల్లె రేకుల ఇంటినీ కలిపి చేసిన సగటు. నలుగురున్న ఇంటికి మూడు కార్లుంటే అది చిన్న కుటుంబం, ఏడుగురున్న ఇంటికి ఒక సైకిలుంటే అది జనాభా సమస్య. ఐక్యరాజ్య సమితి లెక్కలో 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. విందులో విస్తళ్ళు చాలలేదన్న మాల్థస్‌కి ఇది చూపించాలి.

అందుకని 'వినియోగం తగ్గించండి' అన్న పిలుపుని నేను వెంటనే నెత్తికెత్తుకోను. ఎవరికి చెబుతున్నారో చూడాలి. 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఇచ్చిన ఉదాహరణలు మళ్ళీ తెరవండి. గుజరాత్‌లో జానూ అనే ఊళ్ళో అంటరానివాళ్ళ ఆడవాళ్ళు మట్టి కుండలు వదిలి లోహపు బిందెలతో నీళ్ళు తెచ్చుకున్నందుకు కొట్టారు. జైపూర్ సంస్థానంలో చక్వారాలో ఒక అంటరాని మనిషి తీర్థయాత్ర నుంచి వచ్చి తనవాళ్ళకి నెయ్యి వడ్డించి భోజనం పెడితే, తింటుండగానే లాఠీలతో పడ్డారు. వాళ్ళ నేరం వినియోగమే. బిందె, నెయ్యి, చెప్పులు, గొడుగు, చొక్కా. శతాబ్దాల పాటు బలవంతంగా నిరాడంబరంగా ఉంచిన జనానికి ఇప్పుడు నిరాడంబరత మీద ఉపన్యాసం ఇవ్వటం ఏ పర్యావరణ శాస్త్రం? గాంధీ కొల్లాయి కట్టాడు, బాబాసాహెబ్ సూటు వేశాడు. ఎందుకు వేశాడో మనకి తెలుసు.

దీన్ని ఇంకో కొసకి లాగినవాళ్ళు మనలోనే ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో రెండు బ్లాకుల దళిత కుటుంబాల మీద చంద్రభాన్ ప్రసాద్, దేవేష్ కపూర్ మొదలైనవాళ్ళు చేసిన సర్వే 2010లో వచ్చింది. దళితులు షాంపూ, టూత్‌పేస్టు వాడుతున్నారు, పెళ్ళికి కారు తెస్తున్నారు, పాత అవమానాలు తగ్గుతున్నాయి, మార్కెట్టే దారి అన్నారు. సగం ఒప్పుకుంటాను. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కితే కొట్టే దేశంలో కారు చిన్న విషయం కాదు. కానీ వస్తువు కొనుక్కోగానే లెక్క పూర్తి కాదు, వాడి పారేసింది ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. హైదరాబాద్ చెత్త రోజూ వేల టన్నులు జవహర్‌నగర్‌కి పోతుంది. ఆ చుట్టుపక్కల బోరు నీళ్ళు పాడైపోయాయి. ఆ చెత్త ఊడ్చేదీ, ఎత్తేదీ, ఏరేదీ ఎక్కువగా మన ఆడవాళ్ళు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళ మీద కేంద్ర ప్రభుత్వం సేకరించిన వివరాల్లో, 2024 నాటికి లెక్క తేలిన 38,000 మందిలో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలు. ఎస్సీలే 69 శాతం. పంక్తిలో తిన్నవాళ్ళు వేరు, విస్తళ్ళు ఎత్తేవాళ్ళు వేరు. మాల్‌లో షాంపూ కొన్నా ఈ రెండో లెక్క మారలేదు.

చివరగా మన రాష్ట్రాల సంగతి. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారంది. ఆ చట్టం చేసిన శాసనసభకి ఆ షరతు లేదు. పార్లమెంటుకీ లేదు. రిజర్వేషన్ వల్ల దళిత, ఆదివాసీ ఆడవాళ్ళు మొదటిసారి పంచాయతీ కుర్చీ ఎక్కుతున్న రోజులవి. ఆంధ్రతో సహా ఐదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ చేసిన అధ్యయనంలో, ఈ షరతు వల్ల పదవి పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, బీసీలే అని తేలింది. మూడో బిడ్డని కనాలా వద్దా అనే నిర్ణయం ఇంట్లో ఎవరు చేస్తారు? పదవి మాత్రం ఆమెది పోయింది. ఇలాంటి హర్యానా చట్టాన్నే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది.

2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. ఇద్దరికి మించి ఉన్నవాళ్ళే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన కూడా చెప్పారు. నవంబరులో ఆంధ్ర అసెంబ్లీ పాత షరతు ఎత్తేసింది, తెలంగాణ కూడా అదే దారి పట్టింది. ముసలివాళ్ళు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి, జనం తక్కువైతే పార్లమెంటులో సీట్లు తగ్గుతాయి అంటున్నారు. షరతు పోవటం మంచిదే, అది ఎప్పుడో పోవాల్సింది. కానీ ముప్పై ఏళ్ళలో పదవి పోగొట్టుకున్న సర్పంచి అక్కల గురించి ఆ సభలో ఎవరైనా ఒక్క మాట అన్నారా అని నేను వెతికాను. నాకు కనిపించలేదు. ఇరవైల్లోనే ఆపరేషన్ చేయించుకుని, నడుం నొప్పితోనే కూలికి పోతున్న నూటికి డెబ్బై మంది ఆడవాళ్ళకి ఈ కొత్త పిలుపులో చోటు ఎక్కడో కూడా కనిపించలేదు.

మీ ఊళ్ళో అలా పదవి పోయిన మహిళా సర్పంచి గానీ వార్డు మెంబరు గానీ ఉంటే, ఆమెని కలిసి, ఆమె ఒప్పుకుంటే, ఏ సంవత్సరం, ఎలా జరిగిందో ఆమె మాటల్లోనే రాసి నాకు పంపండి. పేర్లు మారుద్దాం. ధాత కరువు గురించి మీ ముసలివాళ్ళు చెప్పే మాటలున్నా పంపండి. వచ్చే వారం బకింగ్‌హాం కాలువ తవ్విన పల్లెల గురించి.